గిరీశం చుట్ట కింద చట్టం

కన్యాశుల్కం సినిమా 1955 నాటిది. గిరీశం వేషం ఎన్టీ రామారావు వేశారు. ఇవాళ ఏ టీవీ వాళ్లయినా ఆ సినిమా వేస్తే, గిరీశం చుట్ట వెలిగించినప్పుడల్లా కింద తెల్లపట్టీ మీద నల్లక్షరాలతో ‘పొగాకు ప్రాణాంతకం’ లాంటి ముక్క పడి తీరాలి. 2012 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది. అక్షరాల రంగు దగ్గర్నుంచి, మొదట్లోనూ మధ్యలోనూ వేసే 30 సెకన్ల ప్రచార చిత్రం దాకా ఏదీ వదిలిపెట్టలేదు. 2023 సెప్టెంబరులో ఓటీటీలకూ తగిలించారు. ఇంట్లో సోఫాలో పడుకుని చూసేవాణ్ణి మాత్రం ఎందుకు వదలాలి?

హాల్లో ఆ ప్రచార చిత్రం వచ్చేసరికి జనం పాప్‌కార్న్ కోసం లేస్తారు. కూర్చున్నవాళ్లు ఆ గొంతును అనుకరించి నవ్వుకుంటారు. ఏలినవారి లెక్కలో మాత్రం చెప్పవలసింది చెప్పడం అయిపోయింది.

పొగాకు మంచిదని నేననడం లేదు. ఆ మాట దాదాపుగా అన్నది పార్లమెంటు కమిటీయే. 2015లో సిగరెట్ ప్యాకెట్ మీద భయపెట్టే బొమ్మను పెద్దది చేయాలా వద్దా అని ఆ పెద్దలు తర్జనభర్జన పడ్డారు. పొగాకుతో క్యాన్సర్ వస్తుందని తేల్చిన అధ్యయనం మన దేశంలో లేదని కమిటీ అధ్యక్షుడు దిలీప్ గాంధీ సెలవిచ్చారు. సభ్యుల్లో శ్యామాచరణ్ గుప్తా అనే ఎంపీగారు స్వయానా బీడీల వ్యాపారి. మొత్తానికి 2016 ఏప్రిల్ నుంచి బొమ్మ 85 శాతానికి పెరిగింది. సిగరెట్ లోపలే ఉంది.

ఇక మన గుంటూరుకు వద్దాం. ఇక్కడ పొగాకు బోర్డు ఉంది, 1976 నుంచీ. పంట ఎంత వేయాలో, వేలం ఎలా సాగాలో, ఎగుమతి ఎలా పెరగాలో చూసుకోవడం దాని పని. అది కేంద్ర వాణిజ్య శాఖ బిడ్డ. ప్రాణాంతకమని తెరమీద రాయించేది కేంద్ర ఆరోగ్య శాఖ. సిగరెట్లు చేసే ఐటీసీలో పెద్ద వాటాదారుల్లో ఎల్‌ఐసీ ఒకటి. ప్రాణానికి బీమా, సిగరెట్‌లో వాటా, రెండూ ఒక్క చోటే! భోగం ఆటలు వద్దంటూ యాంటీ నాచ్ ఉపన్యాసాలు దంచి, వేశ్య మధురవాణి గుమ్మం తొక్కిన గిరీశానికి ఇంతకన్నా మంచి శిష్యులు దొరుకుతారా? ఒంగోలు, పొదిలి రైతును నేనేమీ అనను. ఆ నేలలో వేరే పంట వేస్తే గిట్టుబాటయ్యే దారి చూపించమని అతను అడుగుతున్నాడు. దానికి జవాబు 30 సెకన్లలో రాదు కాబట్టి ఎవరూ ఆ జోలికి పోరు.

మందు సంగతి మరీ ముచ్చట. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. దరఖాస్తుకు 2 లక్షలు. దుకాణం తగలకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు. దరఖాస్తుల మీదే ఖజానాకు దాదాపు 1,800 కోట్లు వచ్చాయి. సీసా మీద మాత్రం ‘ఆరోగ్యానికి హానికరం’ అని బుద్ధిగా అచ్చేస్తారు.

ఇంతకీ సిగరెట్ కాల్చే కుర్రాడు ప్యాకెట్ కొంటాడా? ఏ కాలేజీ ఎదుటి బడ్డీకొట్టు దగ్గరైనా ఒక్క నిమిషం నిలబడండి. “అన్నా, ఒకటియ్యి” అంటాడు. కొట్టువాడు ప్యాకెట్ తనవైపు పెట్టుకుని ఒకటి లాగి ఇస్తాడు. దారానికి వేలాడే లైటర్‌తో అంటించుకుని కుర్రాడు వెళ్లిపోతాడు. ఈ లూజు అమ్మకాలు ఆపాలని 2020లో పొగాకు చట్టానికి సవరణ బిల్లు ముసాయిదా రాశారు. ప్రజల అభిప్రాయాలు కూడా అడిగారు. అది ఇంకా చట్టం కాలేదు.

మానేయాలనుకునేవాళ్లు ఉచితంగా ఫోన్ చేయడానికి 2018 నుంచి ప్యాకెట్ మీద ఒక నంబరు కూడా వేస్తున్నారు. బడ్డీకొట్టువాడికి అది కంఠతా వచ్చే ఉంటుంది.