‘పైకే’ అను వచనానికి టీకా తాత్పర్యం

మూలం: “బావా, మార్కెట్ ఇవాళ పైకే. స్టాప్ లాస్ తీసేశా.”

అవతారిక: ఇది 2024 జూన్ 4, మంగళవారం ఉదయం మా బామ్మర్ది వాట్సాప్‌లో వెలువరించిన వచనం. అది లోక్‌సభ ఓట్ల లెక్కింపు రోజు. ముందురోజు ఎగ్జిట్ పోల్స్ మాట పట్టుకుని షేర్ల సూచీ నిఫ్టీ 3 శాతానికి పైగా ఎగిరి 23,263 దగ్గర ఆగింది. కవి చేతిలో ఒక లాటు నిఫ్టీ ఫ్యూచర్స్ ఉంది. అప్పట్లో లాటంటే 25 యూనిట్లు.

ప్రతిపదార్థం: బావా = రేపు అప్పు అడగదగినవాడా; మార్కెట్ = ఎవరి జాతకమూ చూడనిది; ఇవాళ = ఈ పూట; పైకే = పైకి మాత్రమే; స్టాప్ లాస్ = ఇంత పోతే చాలు, అమ్మేయమని బుద్ధి నిలకడగా ఉన్న వేళ రాసిపెట్టుకున్న ఆజ్ఞ; తీసేశా = తీసివేసితిని.

తాత్పర్యం: లాభం తప్పదు గనుక నష్టానికి ఏర్పాటు అనవసరమని భావం.

విశేషాలు: ఈ వచనానికి ప్రాణం ‘పైకే’లోని ఏకారం. ‘పైకి’ అని ఊరుకుంటే అది అంచనా. అంచనా వేయడం నేరం కాదు. ఉగాదినాడు పంచాంగం విన్న రైతు వానలు బాగా పడతాయని సంతోషిస్తాడు. అలాగని విత్తనాలన్నీ తొలకరికే చల్లేయడు, కొన్ని గాదెలో ఉంచుకుంటాడు. బామ్మర్ది గాదె కూడా ఊడ్చాడు. అవధారణార్థకమైన ఆ ఒక్క ‘ఏ’ వల్ల రెండో వాక్యం పుట్టింది. వ్యాకరణం ఇంత ఖరీదైనదని నాకు అంతవరకు తెలియదు.

కాలాలనూ గమనించాలి. జోస్యం భవిష్యత్తుకు చెందినది, దానికింకా రుజువు లేదు. ‘తీసేశా’ మాత్రం భూతకాలం, అప్పటికే జరిగిపోయింది. రాబోయేదాన్ని నమ్మి ఉన్నదాన్ని పీకేయడం ఇందులోని చమత్కారం. పద్యంలో యతిస్థానం ఎక్కడుండాలో కవి రాయబోయే ముందే నిశ్చయమై ఉంటుంది. మధ్యలో ఉత్సాహం వచ్చిందని జరపడానికి లేదు. స్టాప్ లాస్ కూడా అంతే. ధర పడుతుండగా దాన్ని ఇంకాస్త కిందికి జరుపుకుంటూ పోయేవాళ్లున్నారు, అది యతిభంగం. బామ్మర్ది యతినే ఎత్తేశాడు.

శంక: జోస్యం నిజమైతేనే కదా డబ్బు? సమాధానం: అక్కర్లేదు. పది బేరాల్లో ఆరు తప్పి, తప్పిన ప్రతిదానికీ వెయ్యి పోయినా, ఒప్పిన నాలుగింటికీ రెండున్నర వేల చొప్పున వస్తే 4,000 మిగులు. ఇక్కడ జ్యోతిష్యం కంటే వెయ్యి దగ్గర ఆగడం ముఖ్యం. ఆగడం విసుగు పుట్టిస్తుంది, బంధువులకు చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. జోస్యానికైతే శ్రోతలుంటారు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన వ్యక్తుల్లో నూటికి 93 మంది 2022–24 ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. వారందరికీ జోస్యం రాదని నేననుకోను.

కథాశేషం: ఆ రోజు నిఫ్టీ దాదాపు 6 శాతం పడి 21,884 దగ్గర ముగిసింది. సూచీ లెక్కనే చూసినా లాటుకు 34 వేల పైచిలుకు నష్టం. మధ్యలో ఇంకా లోతుకు వెళ్లింది. ఆ లోతులోనే ధరావతుగా ఉంచిన మార్జిన్ చాలక బ్రోకరు బామ్మర్ది లాటును తానే అమ్మేశాడు. తీసేసిన ఆజ్ఞ ఆ విధంగా వేరొకరి చేతి మీదుగా, అతి చవకగా అమలైంది.

ఇక్కడ వ్యాఖ్యాతకు ఒక చిక్కుంది. మర్నాడే మార్కెట్ 3 శాతానికి పైగా లేచింది. శుక్రవారం, జూన్ 7న, నిఫ్టీ 23,290 దగ్గర ముగిసింది, అంటే సోమవారం ముగింపు కంటే పైనే. ‘ఇవాళ’ అనే మాట ఒక్కటీ పక్కనపెడితే బామ్మర్ది జోస్యం ఫలించింది. ఫలించేనాటికి లాటు లేదు, అంతే.

ఆ శుక్రవారం సాయంత్రం ఆయన నుంచి మరో వచనం వచ్చింది: “చెప్పానా బావా!” దానికి టీక రాయమని మా ఆవిడ అడుగుతోంది. బామ్మర్ది ఆమెకు తమ్ముడు కాబట్టి వాయిదా వేస్తున్నాను.