పూజగదిలో ఓమ్

కరెంటు బిల్లు వచ్చిన సాయంత్రం మా ఇంట్లో విచారణ జరుగుతుంది. విచారించేది నేనే, ముద్దాయి ఎవరో ముందే ఖాయం చేసేదీ నేనే. ఫ్రిజ్ తలుపు పదిసార్లు తీసిందెవరు, మనిషి లేని హాల్లో ఫ్యాను ఎందుకు తిరుగుతోంది అని గదిగదికీ వెళ్లి అడుగుతాను. ఎవరూ పలకరు. ఈ నెల సాక్ష్యంతో పట్టుకుందామని బజారుకెళ్లి 350 రూపాయలు పోసి మల్టీమీటరు కొన్నాను. చదివింది బీఎస్సీ ఎంపీసీ, చేసేది బ్యాంకులో ఉద్యోగం. పాతికేళ్లుగా వడ్డీ లెక్కలు తప్ప మరోటి ముట్టని చేతికి ఎర్ర వైరూ నల్ల వైరూ దొరికేసరికి ఒళ్లు తెలియలేదు.

మొదటి అనుమానం పూజగది బల్బు మీద. ఇంటినిండా ఎల్ఈడీలు వచ్చినా అక్కడ మాత్రం పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బే ఉండాలంటుంది మా ఆవిడ. ఆ పసుపు వెలుగులో తప్ప అమ్మవారి ముఖంలో కళ కనిపించదట. వెలుగుతున్నదాన్ని ఓమ్‌ల దగ్గర పెట్టి కొలవకూడదని మాత్రం నాకు తెలుసు. మీటరు పోతుంది, పట్టుకున్నవాడూ పోవచ్చు. అందుకని బల్బు ఊడదీసి, బూజు తుడిచి, అడుగునున్న రెండు సీసపు బొట్లకు వైర్లు ఆనించాను. 65 అని చూపించింది.

“ఓమ్!” అని అరిచాను.

“ఆ మాటేదో స్నానం చేశాక అనండి” అంది మా ఆవిడ వంటింట్లోంచి.

కాగితం తీశాను. మా లెక్చరరు నేర్పిన త్రికోణం ఇంకా గుర్తుంది. పైన వీ, కింద ఐ, ఆర్. కావలసినదాన్ని బొటనవేలితో మూస్తే మిగిలిందే సూత్రం. వోల్టేజి 230. దాన్ని 65తో భాగిస్తే కరెంటు మూడున్నర ఆంపియర్ల పైచిలుకు. ఆ ఆంపియర్లను వోల్టేజితో గుణిస్తే పవరు, 814 వాట్లు! మళ్లీ చేసినా 814. రోజుకు నాలుగు గంటల చొప్పున నెలకు 98 యూనిట్లు.

“60 అని అచ్చేసి 814 లాగుతోంది. ఇది బల్బు కాదు, ఇస్త్రీపెట్టె” అని ప్రకటించాను. ఆ 98 యూనిట్లనూ దేవుడి ఖాతాలో రాసి, కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను. బ్యాంకు బుద్ధి.

“అంత లాగితే ఈపాటికి అమ్మవారికి చెమటలు పట్టేవి. మెట్ల కింద మీటరుంది కదా, వెళ్లి చూడండి” అంది.

మా మీటరు మీద చిన్న ఎర్రదీపం ఉంది. అది 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టని దానిమీదే రాసుంది. నా 814 వాట్లకు నిమిషానికి నలభై మూడు సార్లు మిణుకుమనాలి. ఫ్రిజ్‌తో సహా అన్నీ ఆపించి, ఆ బల్బొక్కటే వేయించి, వాచీ చూస్తూ మెట్ల కింద కూర్చున్నాను. ఒక మిణుకు. తరవాత దోమ. ఇంకో దోమ. ఎదురింటాయన వచ్చి “మీకొక్కరికే పోయిందాండీ కరెంటు?” అని పరామర్శించి వెళ్లాడు. జార్జ్ ఓమ్ 1827లో పుస్తకం వేస్తే, లండన్ రాయల్ సొసైటీ కాప్లీ పతకం 1841లో గానీ చేతికి రాలేదు, నాకూ గుర్తింపు కాస్త ఆలస్యమవుతోందంతే అని సర్దిచెప్పుకున్నాను. ఆయన చెప్పింది నిజం, అదొక్కటే తేడా. అప్పుడు రెండో మిణుకు. పంతొమ్మిది సెకన్లు. ఎలా గుణించినా 60 వాట్లు.

పదో తరగతి చదివే మా అమ్మాయి టార్చి పట్టుకుని వచ్చింది.

“నాన్నా, ఓమ్ నియమం చెప్పు.”

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాను.

“మొదట ఏమన్నావు?”

“స్థిర ఉష్ణోగ్రత వద్ద...”

“మరి బల్బు?”

నాకు చెమటలు పట్టాయి. వెలిగే ఫిలమెంటు రెండువేల డిగ్రీలు దాటుతుంది. వేడెక్కేకొద్దీ టంగ్‌స్టన్ తీగ నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి 65 ఓమ్‌లు వెలిగేటప్పటికి 880 పైనే. నేను కొలిచింది నిద్రపోతున్న బల్బుని. ఆ మూడు మాటలకూ పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాణ్ణే. పురోహితుడు సంకల్పం చెప్పిస్తుంటే మనం అంటామే, అలా అనేసి దాటేశాను.

“ఉండండి, ఇదీ చూసి పోండి” అని మా ఆవిడ పైనుంచి గీజరు వేసింది. ఎర్రదీపానికి పూనకం వచ్చింది. సెకనుకు దాదాపు రెండుసార్లు. 2000 వాట్లు, తొమ్మిది ఆంపియర్లకు కాస్త తక్కువ, ఇరవయ్యారు ఓమ్‌లు. ఇక్కడ చల్లబడిందనో వేడెక్కిందనో సాకు చెప్పడానికీ లేదు. అందులోది నిక్రోమ్ తీగ, వేడెక్కినా నిరోధం పెద్దగా మారదు. గీజరు వేసి, పేపరు పట్టుకుని కూర్చుని, నీళ్లు కాగి చల్లారి మళ్లీ కాగేదాకా లేవనివాడు మా ఇంట్లో ఒక్కడే. వాడు అప్పుడు మెట్ల కింద గోక్కుంటున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర ఆఖరి ప్రయత్నం చేశాను. స్విచ్ వేసిన మొదటి క్షణంలో తీగ చల్లగానే ఉంటుంది కాబట్టి అప్పుడు నిజంగానే మూడున్నర ఆంపియర్లు లాగుతుంది, పాతబల్బులు స్విచ్ వేయగానే ఠప్పుమని పోవడం అందుకే, ఆ రెప్పపాటు కాలం నా లెక్కే కరెక్టు అన్నాను.

“సరే” అంది మా ఆవిడ చారు వడ్డిస్తూ. “ఆ రెప్పపాటు బిల్లు అమ్మవారి చేత కట్టిస్తాను. గీజరుది మీరు కట్టండి.”