ఎల్విస్ పక్షపాతి

మా బావగారు స్వభావముచేత శాంతమూర్తులు; పులుసులో ఉప్పు మిక్కుటమైనను, అల్లుడు నెలల తరబడి ఉత్తరము వ్రాయకున్నను వారికి కోపము రాదు; కాని వారి సమక్షమున ఎల్విస్ ప్రెస్లీ చిత్రములలో కథ లేదని నోరు జారినవానికి మాత్రము ఆ పూట కాఫీ దక్కదు.

విచిత్రమేమనగా, ఆ చిత్రములను వారికంటె నిర్దాక్షిణ్యముగా దూషించువారిని నేనెరుగను. "కథ యేమున్నదోయ్? ఒక పందెము, ఒక ఈతకొలను, ఇద్దరు పిల్లలు, డజను పాటలు!" అని తామే ఆరంభింతురు. 1956 మొదలు 1969 వరకు ఆ గాయకుడు నటించిన 31 కథాచిత్రములును వారికి కంఠస్థములు. 'బ్లూ హవాయీ'లో యాత్రికులకు దారి చూపువాడైనను, 'వివా లాస్ వేగస్'లో కారు పందెగాడైనను, 'ఈజీ కమ్, ఈజీ గో'లో నౌకాదళపు గజయీతగాడై యుండి యోగాభ్యాసకుల నడుమ కాళ్లుచేతులు ముడిపడి పాడుచున్నను, నాయకునికి పాటయే పరమార్థము. 'ఫన్ ఇన్ అకపుల్కో'లో ఎత్తు చూచిన వణకెడి ట్రపీజు వీరుడు. ఆ చిత్రమునకై ఎల్విస్ మెక్సికోలో అడుగైనను పెట్టలేదనియు, ఆయన దృశ్యములన్నియు హాలీవుడ్డులోనే తీసిరనియు చెప్పునపుడు బావగారి ముఖమున గర్వము, ఆ ప్రయాణపు ఖర్చు తామే మిగిల్చినట్లుండును.

పిమ్మట నిట్టూర్పు. 1958లో మైకేల్ కర్టిజ్ తీసిన 'కింగ్ క్రియోల్' చూచినవాడెవడును ఎల్విస్ నటుడు కాడనజాలడట. గంభీరపాత్రల చిత్రములకంటె 1961లో 'బ్లూ హవాయీ' అధికముగా కాసులు కురియుటయు, దాని పాటల రికార్డు అమెరికాలో 20 వారములు ప్రథమస్థానమున నిలుచుటయు, చిత్రము పాటలను, పాటలు చిత్రమును అమ్మిపెట్టునని మేనేజరు కర్నల్ పార్కర్ గ్రహించుటయు, పాపము, ఆ కుర్రవాని కొంప ముంచినవట.

"నిజమే బావా, ఆ కథలు వట్టి నీరసములు" అని నేను సానుభూతితో పలికితినో, తక్షణమే కన్నులెఱ్ఱజేసి, "ఎవడన్నాడు?" అందురు. తాము తిట్టవచ్చును, పరులు తిట్టరాదు. లోపలినుండి అక్కయ్య, "ఆ యోగాసనాలు చూసే ఈయన నడుము పట్టించుకున్నార్రా!" అని కేక వేయును, దానికి మాత్రము వారు ప్రత్యుత్తరమీయరు.

మొన్న 'కిస్సిన్ కజిన్స్' ప్రస్తావన వచ్చినది. అందులో ఎల్విస్ ద్విపాత్రధారి. దాయాదులిద్దరికిని ముఖ్యభేదము జుట్టురంగే కదా యంటిని. బావగారు కుర్చీ ముందుకు లాగుకొని, "అదే 1964లో మన రామారావు 'రాముడు భీముడు'లో ఇద్దరైతే లేచి నిలబడి ఈల వేసింది నువ్వు కాదుటోయ్?" అనిరి. వేసిన మాట వాస్తవమే. కాని నాడు ఆఫీసులో పని యున్నదని ఇంట చెప్పి, నా ప్రక్కసీటున కూర్చుండి నాకంటె బిగ్గరగా ఈల వేసినవారెవరో అక్కయ్య వినుచుండగా చెప్పుట భావ్యము కాదని యూరకుంటిని.