‘రికార్డు’ పల్లవికి టీకా తాత్పర్యం

అవతారిక: ఇంటర్ రెండో సంవత్సరం చదువుతూ, ఫిజిక్స్ రికార్డు పూర్తి చేయని ఒకానొక కవి, తన సెక్షన్‌లోని ఒకానొక బాలికనుద్దేశించి రఫ్ నోటుబుక్కు చివరి పేజీలో ఈ పల్లవి రచించెను. ఆ బాలికకు ఈ సంగతి తెలియదు.

మూలం:
నీ సైకిల్ బెల్లు వింటే నా గుండె రోడ్డున పడ్డదే
ఓ పిల్లా, రికార్డు ఇచ్చావు, మనసెందుకివ్వవే?

ప్రతిపదార్థం: ఓ పిల్లా = ఓ బాలికా (పేరు పెట్టకపోవడం ముందుచూపు; నోటుబుక్కు పట్టుబడితే ఇంకెవరో అని బుకాయించవచ్చును); నీ సైకిల్ బెల్లు = నీయొక్క ద్విచక్రికా ఘంట; వింటే = చెవిని పడినచో; నా గుండె = నాయొక్క హృదయము; రోడ్డున పడ్డదే = వీధిపాలయ్యెను గదా; రికార్డు = ప్రయోగముల పుస్తకము; ఇచ్చావు = ఇచ్చితివి (కాపీ కొట్టుకొనుటకని శేషము); మనసు ఎందుకు ఇవ్వవే = హృదయము ఏల ఈయవు?

తాత్పర్యం: సింపుల్ పెండ్యులం రీడింగులతో సహా రికార్డు ఇచ్చినదానవు, మనసు దగ్గర లోభమేల? అని భావము.

విశేషాలు: ప్రాస లేదు. రెండో అక్షరాలు ఒకచోట సై, ఒకచోట పి. యతి జోలికి పోనేలేదు. అంత్యప్రాసకు ఏత్వమే దిక్కు.

రసం విప్రలంభ శృంగారం, నాయికకు కబురే లేదు గనుక ఆలంకారికుడు ధనంజయుడు దశరూపకంలో చెప్పిన అయోగం. ఆయన లెక్కించిన పది అవస్థలలో ఆరవది ప్రలాపం, మన కవి నిస్సందేహంగా అక్కడున్నాడు. చిత్రమేమంటే నాలుగవదైన గుణకథనం పూర్తిగా ఎగ్గొట్టాడు. మూలంలో లేనిది రాయనని మెదక్ సీమ కొల్చారానికి చెందిన వ్యాఖ్యాత మల్లినాథ సూరి పెట్టుకున్న నియమమే మాకూ ప్రమాణం. కాబట్టి ఆ బాలిక ఎలా నవ్వుతుందో, ఏం మాట్లాడుతుందో, ఆమెకు ఏది ఇష్టమో చెప్పలేకున్నాము. మూలంలో ఉన్నవి ఒక బెల్లు, ఒక పుస్తకం, ఒక గుండె. మూడోది కవిది.

పాఠాంతరం: మిత్రుని ప్రతిలో ‘బస్సు హారన్’ అని ఉన్నది. బాలిక వచ్చేది కాలేజీ బస్సులోనే. అయినా తాళానికి కుదిరేది సైకిలే గనుక ఆ పాఠం అగ్రాహ్యం. బాలికకూ తాళానికీ తగవు వచ్చిన చోట కవి తాళం పక్షాన నిలిచాడు. అందుకే అతనికి పాటలు రాసే లక్షణం ఉన్నదని మా నమ్మకం.

శంక: అమ్మాయి లేని ప్రేమ పాట ఉండునా?

సమాధానం: ఉండును. ఫ్రాన్స్‌లో హెక్టార్ బెర్లియోజ్ (1803–1869) అనే స్వరకర్త పన్నెండేళ్ళ వయసులో మెయ్లాన్ గ్రామాన ఎస్తెల్ అనే పద్దెనిమిదేళ్ళ అమ్మాయిని చూసి మతి పోగొట్టుకున్నాడు. ఆమె పట్టించుకోలేదు. తరవాత ఆత్మకథలో ఆమె జుట్టు రంగు మరిచిపోయానని రాసుకున్నాడు. ఆమె తొడుక్కున్న గులాబిరంగు బూట్లు మాత్రం మరవలేదు. మనవాడి బెల్లు వంటివే ఆ బూట్లు. ఆ రోజుల దిగులుతో ఫ్లోరియన్ అనే కవి గీతానికి కట్టిన వరుసను 1830లో ‘సింఫనీ ఫాంటాస్టిక్’ మొదట్లో పెట్టాడు. అప్పటికి ఆయన మనసు హారియెట్ స్మిత్సన్ అనే నటి మీద ఉంది, ఆ కృతికి ప్రేరణా ఆవిడే! ఒకరికోసం పుట్టిన వరుస ఇంకొకరి ఖాతాలో చేరినా ఒక్క స్వరమూ నొచ్చుకోలేదు. 1864లో, అరవయ్యేళ్ళవాడై, లియోన్‌లో వితంతువుగా ఉన్న ఎస్తెల్‌ను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆమె మర్యాదగానే మాట్లాడింది. అంతవరకే.

చరణం అలభ్యం. గ్రంథపాతమని కొందరంటారు. కాదు, రాయలేదు. పల్లవికి బెల్లు చాలును. చరణానికి ఆ పిల్ల గురించి ఒక్క ముక్కైనా తెలియాలి, తెలియాలంటే వెళ్ళి మాట్లాడాలి. ఆ ధైర్యం కన్నా ఇంకో పల్లవి రాయడం సులభం.

మా నిర్ణయం: వరుస నిలుస్తుంది, మాటలు మార్చవలెను. పాఠక మహాశయులలో ఎవరి పాత నోటుబుక్కులోనైనా ఈ పల్లవికి సరిపడే చరణం ఉంటే పంపగలరు. పేరు గోప్యంగా ఉంచుతాము.