ఋషికొండ కెరటాల పద్యానికి లక్డారం వ్యాఖ్య

అవతారిక: కంకర క్వారీల ఊరైన లక్డారం నుండి విశాఖకు సర్ఫింగు నేర్వబోవు కుర్రవాండ్ర వాట్సాప్ గ్రూపులో తెల్లవారుజామున వెలసిన పద్యమిది. కర్త తెలియరాదు. క్రషరు మోతలో గణము తప్పకుండుట మెచ్చదగినది.

ఆ. అలలు మీటరెత్తె యంతకు మించవు
గాలి పడమటుండి కాస్త వీచు
సొరల భయము లేదు సుంతయు నైనను
లోనికీడ్చు నీరు లోకువనకు

టీక: అలలు = ఋషికొండ కెరటములు; పడమటుండి = నేలమీదుగా నీటివైపునకు; కాస్త వీచు = కెరటమును వెంటనే విరగనీయక నిలబెట్టునంత మాత్రమే వీచును; సొరల = పాలసొర మొదలగువాని వలన (బాలింతలకు కూర వండిపెట్టునదియు ఇదియే; ఎవరికెవరు భయపడవలెనో!); లోనికీడ్చు నీరు = ఒడ్డునకు వచ్చిన నీరు ఇసుకదిబ్బల సందున మరల సముద్రములోనికి పరుగిడు పాయ; లోకువనకు = తేలికగా తీసికొనకుము.

తాత్పర్యము: బోర్డు పట్టుకొని దిగవచ్చును. సొరకు గాదు, పాయకు జడియుము.

విశేషములు: "అంతకు మించవు" అనుట కవి తొందరపాటు. సముద్రపు అలల సూచనలో ఇచ్చు ఎత్తు అలలలో పెద్దవైన మూడోవంతు వాని సగటు. నడుమ నొకటి దానికి రెట్టింపు వచ్చినను రావచ్చును. ఈ లెక్కలు కట్టు జాతీయ సముద్ర సమాచార కేంద్రము ఇన్‌కాయిస్ ఏ తీరమునందో లేదు; 1999లో హైదరాబాదున పుట్టి, ప్రగతినగర్‌లో కూర్చుండి కడలి సంగతి చెప్పును. కావున లక్డారము వారికి సముద్రముతో చుట్టరికము లేదనరాదు.

శంక: సొరభయము నిజముగా లేదా?

సమాధానము: 2022లో మనిషి కవ్వింపు లేకయే సొరలు కరచినవి ప్రపంచమంతట 57 మారులు, అందు మరణములు 5. ఆ యేడే మన దేశపు రోడ్లపై పోయినవారు 1,68,491 మంది. రోడ్డెక్కువారు కోట్లు, కడలి దిగువారు కొందరే గదా, ఈ పోలిక చెల్లదందురా? ఒప్పితిమి. నీటిలోనే పోల్తము. విశాఖ బీచిలో ప్రాణము పోయెనను వార్త వచ్చినప్పుడెల్ల అందు కనబడునది కెరటమే, సొర గాదు. పాయ యున్నచోట అల విరగదు. నీరు నెమ్మదిగా తోచును. కొత్తవారు అచ్చటనే దిగుదురు! చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదరాదు. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటిన పిమ్మట తిరుగవలెను.

పాఠాంతరము: కొన్ని ఫోన్లలో మూడవ పాదము "లారి భయము లేదు" అని కలదు. గణములు కుదిరినవి గాని యతి చెడినది. క్వారీ లారీలు తిరుగు ఇస్నాపూర్ చౌరస్తా దాటినవారెవ్వరును ఆ పాఠము నొప్పరు.