డెట్రాయిట్ వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం:
“35 అంగుళాల టైర్లు వేసిన బండికి వెనక డెట్రాయిట్ వేయించు. ఇంక ఆలోచించకు.”

అవతారిక: డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళింట సత్యనారాయణ వ్రతమైనా, పిల్లవాడి పుట్టినరోజైనా, భోజనాలయ్యాక గరాజ్ తలుపు దగ్గర ఒక ఆచార్యుడు వెలుస్తాడు. శిష్యుడు అప్పుడే పికప్ ట్రక్కును లిఫ్ట్ చేయించి పెద్ద టైర్లు తొడిగిన సాఫ్ట్‌వేరు ఉద్యోగి. “అన్నా, లాకర్ ఏది మంచిది?” అని అడుగుతాడు. డెట్రాయిట్ అనేది ఒక రకం లాకర్. ఆచార్యుడు పై వాక్యం సెలవిస్తాడు. ఈ బండి రోజూ ఎక్కడికి పోతుంది, ఎవరు నడుపుతారు, వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు అని మాత్రం అడగడు. అడిగితే ఆచార్యత్వానికి భంగం.

ప్రతిపదార్థం: మెదక్ సీమవాడైన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మరీ వ్యాఖ్యానాలు రాశాడు. నాకు అటువంటి నియమం లేదు. కనుక ‘టైర్లు’, ‘బండి’, ‘వెనక’ అనే పదాలు సుగమమని వదిలేసి, మూలంలో ఎక్కడా లేని ప్రదక్షిణాన్ని వివరిస్తాను.

విశేషం: పికప్ ఇరుసు మీద ఈ చక్రానికీ ఆ చక్రానికీ మధ్య దూరం 1.7 మీటర్లనుకుందాం. బండి ఒక చుట్టు తిరిగి వస్తే బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఆ దూరానికి 6.28 రెట్లు, అంటే దాదాపు 10.7 మీటర్లు ఎక్కువ నడుస్తుంది. చుట్టు పెద్దదా చిన్నదా అన్నదానితో పని లేదు. తులసికోట చుట్టూ తిరిగినా 10.7 మీటర్లే, తిరుమల మాడవీధులు తిరిగినా 10.7 మీటర్లే. తులసికోట చుట్టూ ట్రక్కు తిరగదు, మాడవీధుల్లోకి దాన్ని రానివ్వరు. శాస్త్రానికి ఆ రెండూ అడ్డం కావు. మాడవీధులు గుండ్రంగా లేవు కదా అని శంక. మూలకొక పావు చుట్టు చొప్పున నాలుగు మూలలకూ కలిపి ఒక చుట్టే గనుక లెక్క మారదని సమాధానం. ఇంత ముచ్చటైన లెక్క స్థలపురాణాల్లోకి ఎక్కకపోవడం నాకిప్పటికీ వెలితిగానే ఉంటుంది.

రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పితే ఈ తేడా ఇమడదు. ఎడ్లబండికి ఈ చిక్కు లేదు. దాని చక్రాలు ఇరుసు మీద దేనికది తిరుగుతాయి. లాగే బాధ ఎద్దులది. రైలు చక్రాలు రెండూ ఇరుసుకు బిగించే ఉంటాయి. కాని వాటి అంచులు ఏటవాలుగా ఉండటం వల్ల మలుపులో బయటి చక్రం లావుపాటి భాగం మీద, లోపలిది సన్నపాటి భాగం మీద దొర్లి, ఎక్కువ తక్కువలు సర్దుకుంటాయి. పట్టాలు లేకుండా, ఎద్దులు లేకుండా, ఇంజనే చక్రాలను తిప్పాలనుకున్నప్పుడు అసలు కష్టం వచ్చింది. ఒనెసిఫోర్ పెకేర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు 1827లో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌కు పేటెంటు తీసుకున్నాడు. ఇంజను బలాన్ని రెండు చక్రాలకూ సమంగా పంచి, వేగాన్ని మాత్రం ఎవరికి తగ్గట్టు వారికి వదిలేసే పళ్ళచక్రాల అమరిక అది. అన్నదమ్ముల పంపకాల్లో కూడా ఇంత న్యాయం చూడం.

ఆ న్యాయమే దాని లోపం. ఒక చక్రం బురదలో జారుతూ ఏ కొంచెం బలాన్ని పట్టగలదో, గట్టినేల మీదున్న రెండోదానికీ అంతే అందుతుంది. రెండు చక్రాలనూ ఒకటిగా కట్టేసే లాకర్ పుట్టింది అందుకే. ఇంతకీ మనం డెట్రాయిట్ దగ్గర కదా ఉన్నాం.

తాత్పర్యం: డెట్రాయిట్ లాకర్ రెండు చక్రాలనూ కట్టేసి ఉంచుతుంది. మలుపులో వేగంగా తిరిగే బయటి చక్రాన్ని తనంతట తాను వదిలి, మలుపు తీరాక ఠక్కున పట్టుకుంటుంది. గట్టిది, మొండిది, రాళ్ళ మీద నమ్మదగ్గది. మోయాబ్‌లో బండలెక్కేవాడికి నేనూ అదే చెబుతాను.

కాని ఈ శిష్యుడు పోయేది ఆఫీసుకు, కాస్ట్కోకు, పిల్లల బడికి. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రోడ్ల మీద మంచు గడ్డకట్టిన సంగతి అక్కడున్నవాళ్ళు మరిచిపోలేదు. మామూలు డిఫరెన్షియల్ ఉంటే అలాంటి రోడ్డు మీద వెనక ఒక చక్రం ఊరికే తిరుగుతుంది, రెండోది బండిని పక్కకు పోకుండా పట్టుకుంటుంది. డెట్రాయిట్ ఉంటే యాక్సిలరేటర్ తొక్కగానే రెండూ కలిసి పట్టు వదిలేస్తాయి, తోక పక్కకు తిరుగుతుంది. “మంచులో ఎలా అన్నా?” అని శిష్యుడు అడగబోతే “నేను చెప్తున్నాగా తమ్ముడూ” అన్నది ఆచార్యుల భాష్యం. కారు సీటులో బెల్టు పెట్టుకున్న నాలుగేళ్ళ పిల్లకు ఈ భాష్యం ఎందుకు వర్తించాలో నాకు తెలియదు.

పాఠాంతరం: ‘డెట్రాయిట్’ స్థానంలో ‘ట్రూట్రాక్’ అని కొందరి పాఠం. లోపలివి పళ్ళచక్రాలే గనుక అరిగే క్లచ్ పలకలుండవు, చప్పుడుండదు. అయితే ఒక చక్రం గాల్లోకి లేస్తే దీని పని అయిపోయినట్టే. జారే చక్రం పట్టిన బలాన్ని కొన్ని రెట్లు చేసి రెండోదానికి ఇవ్వడమే దీని పని; సున్నాను ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. పార్కింగ్ లాట్‌లో చక్రాలు గాల్లోకి లేవవు గనుక ఈ పాఠం ఉపేక్షించదగ్గది కాదు. ఆస్ట్రేలియా ప్రతులలో ‘ఏ.ఆర్.బి.’ అని ఉంది. ఇది గాలి ఒత్తిడితో పనిచేస్తుంది: మీట నొక్కితే చక్రాలు కట్టుపడతాయి, వదిలితే మామూలు డిఫరెన్షియల్. ఈ పాఠమే సాధువని నా మతం. దీనికి ప్రమాణం కోనసీమ రైతు. దమ్ము చేస్తుంటే ట్రాక్టరు చక్రం ఒకటి దిగబడి తిరిగితే డిఫరెన్షియల్ లాక్ పెడల్ తొక్కుతాడు, బయటపడగానే వదిలేస్తాడు, గట్టు దగ్గర మలుపు తిప్పేటప్పుడు దాని జోలికే పోడు. ఆ పెడల్ గురించి ఆయన ఏ వ్రతం భోజనాల్లోనూ ఉపన్యసించినట్టు వినలేదు.

అనుక్తం, అంటే ఆచార్యుడు చెప్పకుండా మింగినది: 31 అంగుళాల టైర్లు తీసి 35 వేస్తే, స్పీడోమీటర్ సరిచేయించకపోతే 60 మైళ్ళు చూపించినప్పుడు బండి దాదాపు 68లో పోతుంటుంది. 3.73 నిష్పత్తి ఉన్న ఇరుసు గేర్లతో ఇంజను ఈడ్చుకుంటుంది, 4.10కో, 4.56కో మార్చాలి. గేర్లకైనా లాకర్‌కైనా ఇరుసు విప్పాల్సిందే గనుక రెండు పనులూ ఒకేసారి చేయిస్తే ఒక కూలి మిగులుతుంది. పైగా డానా 44 ఇరుసులో 3.73 దాకా గేర్లకు ఒక కేరియర్ (గేరు బిగించే డొల్ల), 3.92 నుంచి ఇంకొకటి; లాకర్ దానికి తగ్గదే కావాలి. ముందు లాకర్ కొని తరవాత గేర్లు మార్చేవాడు లాకర్ రెండోసారి కొనాల్సి రావచ్చు. ఇంకొకటి: మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్కో యాక్సిల్ షాఫ్టుకు సగం బలమే పోతుంది, లాకర్ పడితే మొత్తం బలం ఒక్కదాని మీదే పడవచ్చు. దానికి 35 అంగుళాల టైరు తోడైతే ముందు విరిగేది ఆ షాఫ్టే. ఇవన్నీ ఒక్క వాక్యంలో పట్టవని కాదు, పట్టిస్తే వాక్యానికి గాంభీర్యం పోతుంది.

‘ఇంక ఆలోచించకు’: ఇది ప్రక్షిప్తం. శైలిని బట్టి చూస్తే బిల్లు కట్టించుకున్న దుకాణంవాళ్ళు చేర్చినట్టుంది.