మోగితే చాలు

ఈమధ్య రీల్స్ తెరిస్తే చాలు, బొమ్మ సెల్‌ఫోను పాటలే. ఎవరో ఆ కీచు ట్యూను వీడియోకి తగిలిస్తారు, కింద జనమంతా చిన్నతనం గుర్తొచ్చి కళ్లు తుడుచుకుంటారు. మా అక్క కొడుకు బెంగళూరులో సాఫ్ట్‌వేరు. లక్ష పోసి ఫోను కొని, దానికి ఇరవై రూపాయల ఫోను మోత పెట్టుకున్నాడు. "నాస్టాల్జియా మామా" అంటాడు.

మా అనంతపురం వైపు ఆ ఫోన్లు దొరికేది తిరునాళ్లలోనే. నార్పల మండలం గూగూడులో పీర్ల పండక్కి కుళ్లాయిస్వామికి చక్కెర చదివింపులయ్యాక పెద్దోళ్లు బొరుగుల అంగడికి, మేం బొమ్మల అంగడికి. (మా జిల్లాలో ఏ బస్టాండులోనైనా "కుళ్లాయప్పా!" అని కేకేసి చూడండి. హిందువులూ ముస్లిములూ కలిసే తిరిగి చూస్తారు.) ఎర్ర ఫోను, లాగితే చేతికొచ్చే ఏరియలు, వెనక మూడు గుండీ బ్యాటరీలు. విప్పితే లోపల నల్ల బంక చుక్క ఒకటి. దాని కిందే చిప్పు, పాటలన్నీ అందులోనే. ఒక బటన్‌కి బీథోవెన్ 1810లో రాసిన 'ఫర్ ఎలీజ్' వచ్చేది. మాకది కారు వెనక్కి తీసేటప్పటి పాట. నవ్వకండి, పెద్దోళ్ల నోకియా మోతా అరువుదే: స్పెయిన్ గిటారు విద్వాంసుడు తారెగా 1902లో కట్టిన 'గ్రాన్ వాల్స్'లో ముక్క. బ్యాటరీ దిగేకొద్దీ మా బీథోవెన్ సాగి సాగి, చివరికి ఎనుము మూలిగినట్టు మూలిగి ఆగిపోయేవాడు.

"ఎవురురా ఫోన్లో?" అనేది అవ్వ.

"ఎవురూ లేరవ్వా, ఊరికే మోగుతాంది."

"అట్లయితే ఎత్తొద్దు. దుడ్లు పోతాయి."

అవ్వకు లోకం తెలుసు. 2003 మే దాకా సెల్లుకి వచ్చిన కాలు ఎత్తినా డబ్బులే మరి. తర్వాత ఎత్తడం ఊరకే అయింది గానీ, చేసేవాడికి ఖర్చు తప్పలేదు. దాంతో ఊరంతా మిస్డ్ కాల్ భాష నేర్చింది. ఒక మోతంటే బస్సు దిగినా. రెండంటే బోరు కాడికి సంగటి పంపు. మూడంటే కరెంటొచ్చె, పరిగెత్తు. నోరు విప్పకుండా కాపురాలు చేసుకున్నాం. నన్నడిగితే మాకు ఫోనుండేది మోగడానికే. మాట్లాడటం దండగ ఖర్చు. ఆ చదువు మాకు మొదట చెప్పింది బొమ్మ ఫోనే.

పై చదువు మోటారు దగ్గర. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమలో, శెనక్కాయ చేనుకు బోరు నీళ్లు పెట్టాలంటే కరెంటు కోసం రాత్రంతా కాపు కాయాల్సి వచ్చేది. చీకట్లో పాములు. అందుకే మొబైల్ స్టార్టర్లొచ్చాయి: పెట్టెలో సిమ్ము వేస్తే మంచం మీంచి ఫోను కొట్టి మోటారు ఆడించొచ్చు. మా చిన్నాయన కొన్న పెట్టెకు మాత్రం నావాడు, పరాయివాడు అన్న తేడా లేదు. ఎవరు ఫోను చేసినా మోటారు ఆన్.

ఒకరోజు ఎవరో లోను కావాలా అని అడగడానికి ఆ నంబరుకు చేశారు. మోటారు ఏం చెబుతుంది, ఆడింది. సాయంత్రం చిన్నాయన వెళ్లేసరికి రెండు మళ్లు నిండి గట్టు పొర్లుతోంది. కోప్పడతాడనుకున్నా. గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించి అన్నాడు:

"ఇన్నేండ్లకు లోనోళ్ల పుణ్యాన నా చేను తడిసెనప్పా."